పుస్తకం వేసుకునేవాళ్ల పంచాంగం

మీ ఇంట్లో పుస్తకాల అల్మారా ఉంటే ఒక్కసారి లేచి అందులోంచి ఏదో ఒక కథల సంపుటో కవితల పుస్తకమో తీయండి. పేరున్న పేజీ తిప్పి దాని వెనక్కి వెళ్లండి. వెల, కవరు బొమ్మ వేసినవారు, అచ్చువేసిన ప్రెస్సు అన్నీ అయ్యాక అడుగున ‘ప్రతులకు’ అని ఉంటుంది. దాని కింద రచయితగారి ఇంటి నంబరు, వీధి, ఫోను. ప్రచురణ సంస్థ పేరు మాత్రం పైన ఘనంగానే ఉంటుంది, అమ్మ పేరో మనవరాలి పేరో కలిపి ఫలానా పబ్లికేషన్స్ అని. ఆ సంస్థ డోర్ నంబరూ రచయితగారి డోర్ నంబరూ ఒకటేనని గమనించడానికి డిటెక్టివ్ అక్కర్లేదు. సెల్ఫ్ పబ్లిషింగ్ అంటూ ఈమధ్య దాన్ని ఏదో కొత్త సరుకులా మాట్లాడుతున్నారు గానీ, మన దగ్గర చాలామంది రచయితలకి ముందునుంచీ ఉన్న దారి అదే.

ఎంత ముందునుంచీ అంటారా? వీరేశలింగం పంతులుగారు 1874లో ‘వివేకవర్ధని’ మొదలుపెట్టినప్పుడు పత్రిక అచ్చు చెన్నపట్నంలో. గోదావరి జిల్లాలో కూర్చుని రాసి, అక్కడికి పంపి, అక్కడినుంచి అచ్చయి రావాలి. అది కుదిరే పని కాదని కొన్నాళ్లకే సొంత ప్రెస్సు ఏర్పాటు చేసుకున్నారు. ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ఆ పత్రికలోనే ప్రకరణాలుగా వచ్చింది, 1880లో పుస్తకమైంది. ముందు విడతలుగా పాఠకులకి చూపించి, తర్వాత సంపుటం చేసి అమ్మడమన్నమాట. ఇవాళ ఫోన్లలో సీరియల్ రాసి దాన్ని పుస్తకంగా తెచ్చే కుర్రకారు చేసేదీ ఇదే. పంతులుగారు వీటితోపాటు బడిలో పాఠాలు చెప్పారు, వితంతు వివాహాలు చేయించారు, ఊరందరితో తగాదా పడ్డారు. మనకేమో ఆఫీసునుంచి వచ్చేసరికి తలనొప్పి.

సరే, తీర్మానాల సంగతికొద్దాం. జనవరిలో కొత్త డైరీ చేతికి రాగానే, లేదా ఉగాది పచ్చడి తినగానే, రాసేవాళ్లకి ఒక ఊపు వస్తుంది. ఈ ఏడు నవల ఒకటి, కథలు పన్నెండు, ఆగిపోయిన అనువాదం, వీలైతే నాన్నగారి జ్ఞాపకాలు. ఎవరైనా నవ్వితే విశ్వనాథ వారిని అడ్డం వేసుకుంటాం. ‘వేయిపడగలు’ 29 రోజుల్లో పూర్తిచేశారని ప్రసిద్ధి కదా! నిజమే, అయితే ఆయన ఆశువుగా చెబుతూ పోతుంటే తమ్ముడు కూర్చుని రాశారన్నదీ అంతే ప్రసిద్ధి. మీకు అలాంటి తమ్ముడుంటే ఈ వ్యాసం ఇక్కడే ఆపేసి అతనికి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టండి.

లేనివాళ్లు వినండి. సొంతంగా పుస్తకం వేసుకునేవాళ్ల ఏడాదిని దెబ్బతీసేది రాయడం కాదని నా లెక్క. రాసినదాన్ని పుస్తకంగా చేయడం, చేసిన పుస్తకాన్ని గుమ్మం దాటించడం, ఈ రెండూ కలిసి నెలలకి నెలలు తినేస్తాయి. తీర్మానాల డైరీలో వాటికి ఒక్క గీత కూడా ఉండదు. రాసే పనికి పన్నెండు నెలలు రాసిచ్చేస్తాం, మిగతాదంతా గాలిలో జరిగిపోతుందని మన ధీమా. అందుకే ఒక పుస్తకం వేసిన రచయిత తర్వాత రెండేళ్లు ఏమీ రాయకుండా ఉండిపోతుంటారు. ప్రేరణ పోయిందని మనం జాలిపడతాం. ఆయన నిజానికి మంచం కింద కట్టలు ఎటు పంపాలో తెలియక ఫోన్లు చేసుకుంటూ ఉంటారు.

అమెరికావాళ్లు రాసిన సలహాలు చదివి ఇంకా కంగారు పడేవాళ్లున్నారు. అక్కడ కొందరు ఏడాదికి నాలుగైదు నవలలు కిండిల్‌లో పెడతారు. నెల చందా కట్టిన పాఠకులు ఎన్ని పేజీలు చదివితే అంత డబ్బు వస్తుంది కాబట్టి, సిరీస్‌లో తర్వాతి పుస్తకం త్వరగా రావడం వాళ్లకి బతుకుదెరువు. కిండిల్‌లో మన భాషలకి 2016లో తలుపు తీసినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం లోపలికి వెళ్లాయి, తెలుగు గుమ్మం బయటే నిలబడింది. వాళ్ల కేలెండరు తెచ్చి మన గోడకి తగిలించుకుంటే ప్రయోజనం లేదు. మన అమ్మకం ఇప్పటికీ కాగితం మీదే, చేతినుంచి చేతికే ఎక్కువ.

మరి మన కేలెండరు ఎక్కడ మొదలవుతుంది? డిసెంబరులో. హైదరాబాద్ బుక్ ఫెయిర్ డిసెంబరులో, అది సర్దుకునేలోపే విజయవాడ పుస్తక మహోత్సవం కొత్త సంవత్సరం మొదటి రోజుల్లో. చేతిలో డబ్బు పట్టుకుని తెలుగు పుస్తకం కోసం జనం తమంతట తాము వచ్చేది ఈ రెండుచోట్లకే. ఏడాదంతా మనం పాఠకుల వెంట పడతాం, ఆ నాలుగు వారాలు మాత్రం వాళ్లు మన వెంట పడతారు. కాబట్టి పుస్తకం నవంబరు ఆఖరుకల్లా కట్టలు కట్టి ఇంట్లో ఉండాలి. అక్కణ్ణించి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రండి.

వెనక్కి రాగానే మొదట తగిలేది ప్రెస్సు. నవంబరు, డిసెంబరు నెలల్లో ప్రెస్సువాళ్లు కేలెండర్లు, డైరీల పనిలో తలమునకలుగా ఉంటారు. పెళ్లి ముహూర్తాలుంటే శుభలేఖలు అదనం. ఎన్నికలొస్తే ఇక కరపత్రాలే కరపత్రాలు. మీ కథలు ఎంత గొప్పవైనా వాటిముందు వరసలో ఆఖరే. బుక్ ఫెయిర్ కోసం పుస్తకం తెచ్చే మిగతా రచయితలందరూ నవంబరు చివరివారంలోనే ఒకేసారి ప్రెస్సు మీద పడతారు కూడా. దసరా వెళ్లగానే ఫైలు ఇచ్చేసినవాళ్ల పుస్తకం శుభ్రంగా వస్తుంది. దీపావళి తర్వాత ఇచ్చినవాళ్ల పుస్తకం కవరు ఇంకా జిగురు ఆరకుండానే స్టాలుకొస్తుంది. అంటే పేజీలు, ప్రూఫులు, కవరు అన్నీ ఆగస్టు, సెప్టెంబరుల్లో తేలాలి. అంటే రాయడం జూలైకల్లా అయిపోవాలి. చూశారా, పన్నెండు నెలలనుకున్నది ఆరుకి దిగింది.

ఆరు నెలలు తక్కువేం కాదు. డెమీ 1/8 సైజు పుస్తకంలో పేజీకి సుమారు 200 మాటలు పడతాయి. 160 పేజీల పుస్తకమంటే 32,000. రోజుకి ఒక అచ్చుపేజీ, అంటే 200 మాటలు రాస్తే 160 రోజులు చాలు. జ్వరాలకీ, పెళ్లిళ్లకీ, ఎండాకాలం కరెంటు పోయిన మధ్యాహ్నాలకీ ఇంకా మూడు వారాలు మిగులుతాయి. ఒక్క పేజీయా అని చప్పరించకండి. కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 నుంచి 1980లో పోయేదాకా ‘చందమామ’ పని చూస్తూనే అన్నేసి కథలు, నవలికలు, వ్యాసాలు రాశారు. ఉద్యోగం మానేసి రాస్తానని కూర్చున్నవాళ్లలో అంత రాసినవాళ్లు నాకెక్కువమంది కనబడలేదు.

160 అనే అంకె ఊరికే వేయలేదు. ఆ సైజులో ఫారానికి 16 పేజీలు. 160 అంటే పదిఫారాలు నిండుగా. 163 పేజీల దగ్గర ఆగితే మిగతావి తెల్లగా వదలాలి, లేదా ‘రచయిత ఇతర రచనలు’ అని ఇంకా రాయనివాటి పేర్లు కూడా వేసుకోవాలి. రాసేముందే ఫారాల లెక్క మనసులో ఉంటే, ఎనిమిదో కథ తీసేయాలా ఉంచాలా అన్న ధర్మసందేహం చాలాసార్లు దానంతటదే తేలిపోతుంది. సాహిత్యానికి ఇది అవమానమనుకునేవాళ్లు అనుకోండి. వారపత్రికలో సీరియల్ రాసినవాళ్లంతా వారానికిన్ని పేజీలన్న కొలతకి రాసినవాళ్లే.

రాసే నెలల్లో దారి తప్పించేవి రెండు. మొదటిది పోటీలు. సంక్రాంతి పోటీ, ఉగాది పోటీ, దీపావళి ప్రత్యేక సంచిక, మధ్యలో ఎవరో తమ పెద్దల పేరిట పెట్టే స్మారక పోటీ. బహుమతి వస్తే ఆనందమే, డబ్బు కూడా. కానీ ప్రతి పోటీకీ ఒక ఇతివృత్తం ఉంటుంది, మీరు వాళ్లడిగినవన్నీ రాస్తూ పోతే ఏడాది చివర చేతిలో పన్నెండు కథలుంటాయి గానీ అవి ఒక పుస్తకం కావు. ఏడాదికి రెండు పోటీలు ఎంచుకోండి, పుస్తకంలో ఎలాగూ ఉండబోయే కథల్నే వాటికి పంపండి. రెండోది యాప్‌లు. ప్రతిలిపి లాంటి చోట రోజుకో భాగం పెడితే పాఠకులు వెంటనే వస్తారు, తర్వాతి భాగమెప్పుడని అడుగుతారు. ఆ అడగడం మత్తులాంటిది. చెయ్యి ఆడటానికి అది మంచిదే. అయితే రోజూ ఉత్కంఠ దగ్గర ఆపడానికి రాసిన నవలని అలాగే అచ్చుకిస్తే, చదివేవాడికి ప్రతి నాలుగు పేజీలకీ ఎవరో తలుపు కొడుతున్నట్టుంటుంది. పుస్తకం చేసేముందు ఆ అతుకులు విప్పి మళ్లీ కుట్టడానికి నెల పడుతుంది. ఆ నెలని లెక్కలో వేసుకోండి.

ఇక ఆగస్టు. తెలుగు రచయిత ఓర్పుకి అసలు పరీక్ష ఇక్కడే, డీటీపీ దగ్గర. మీరు ఫోన్లోనో కంప్యూటర్లోనో యూనికోడ్‌లో టైపు చేసి ఉంటారు. చాలాచోట్ల పేజీలు పెట్టేది మాత్రం ఇప్పటికీ అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో. యూనికోడ్ నుంచి అనుకి మార్చేటప్పుడు కొన్ని ఒత్తులు ఎగిరిపోతాయి, కొన్ని పక్క అక్షరం మీద వాలతాయి. ‘సాఫ్ట్‌వేర్’ అని మీరు విడగొట్టి రాసింది ‘సాఫ్ట్వేర్’ అయి కూర్చుంటుంది. కొటేషన్ గుర్తులు తలకిందులవుతాయి. ఇదంతా డీటీపీ అమ్మాయి తప్పనుకుని ఆమె మీద అరవడం అన్యాయం. ఆమెకి పేజీకింతని ఇచ్చే డబ్బులో మీ ప్రాస పట్టించుకోవడం లేదు. ఇన్‌డిజైన్‌లో యూనికోడ్‌తోనే పేజీలు పెట్టేవాళ్లు ఇప్పుడు దొరుకుతున్నారు. రేటు కాస్త ఎక్కువైనా వాళ్ల దగ్గరికే వెళ్లమంటాను. ఈబుక్ చేయాలన్నా, పదేళ్ల తర్వాత రెండో ముద్రణ వేయాలన్నా ఆ ఫైలు పనికొస్తుంది. అను ఫైలైతే అప్పుడు మళ్లీ మొదటి ప్రూఫునుంచీ మొదలు.

ప్రూఫులు మూడుసార్లు చూడాలి. తెలుగుకి స్పెల్‌చెక్ నమ్మకంగా పనిచేయదు. సంధులూ విభక్తులూ కలిసి మనం రోజూ కొత్త పదం పుట్టిస్తుంటే ఏ నిఘంటువు పట్టుకోగలదు? మొదటిసారి మీరే చూడండి, కాగితం మీద, ఎర్ర పెన్నుతో. తెర మీద కనబడని తప్పు కాగితం మీద కనబడుతుంది, ఎందుకో నాకు అంతు పట్టలేదు గానీ ఎప్పుడూ అంతే. రెండోసారి మీ కథ ముందు చదవనివాళ్లతో చూపించండి. రిటైరైన తెలుగు మాస్టారు ఎవరైనా వీధిలో ఉంటే అదృష్టం, అయితే ఆయన మీ యాసని గ్రాంథికంలోకి దిద్దకుండా ముందే చెప్పుకోండి. మూడోసారి చివరి కథనుంచి మొదటి కథకి రండి. ప్రతి పుస్తకంలోనూ తప్పులన్నీ చివరి యాభై పేజీల్లో పోగుపడతాయి, అప్పటికి అందరి కళ్లూ అలిసిపోతాయి కాబట్టి.

ముందుమాట గురించి ఒక్కమాట. పెద్దవాళ్లని అడుగుతాం, వాళ్లు పెద్దమనసుతో సరేనంటారు, కాదనడం వాళ్లకి మొహమాటం. తర్వాత నాలుగు నెలలు మనకి ఫోన్ చేయడం మొహమాటం. పుస్తకం మొత్తం సిద్ధమై ఒక్క ముందుమాట కోసం సంక్రాంతి దాటిన కథలు ఎన్నో. అడగదలిస్తే జూన్‌లోనే, సగం రాతప్రతితోనే అడగండి. సెప్టెంబరు మొదటివారానికి రాకపోతే అది లేకుండానే వెళ్లండి. వాళ్లు కూడా లోపల్లోపల ఊపిరి పీల్చుకుంటారు.

ఐఎస్‌బీఎన్ నంబరు కూడా ఆ రోజుల్లోనే. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ దాన్ని ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకుంటే ఉచితంగానే ఇస్తుంది. దీనికి వేలు అడిగే మధ్యవాళ్లుంటారు, వాళ్లకి నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఆవిష్కరణ సభ గురించి నా అభిప్రాయం కొంచెం కటువుగా ఉంటుంది, ముందే క్షమించండి. సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనో త్యాగరాయ గానసభలోనో హాలు మాట్లాడటం, అధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, పుస్తక సమీక్షకులు, వందన సమర్పణ, వీళ్లందరి తారీఖులూ కుదర్చడం, కార్డులో ఎవరి పేరు పైన ఎవరి పేరు కింద అన్న సంధి చర్చలు, శాలువాలు, టిఫిన్లు. ఒక చిన్నకథ రాసే శక్తి ఆ కార్డు దగ్గరే ఖర్చవుతుంది. సభకి వచ్చిన అరవైమందిలో ఇరవైమంది వేదిక మీదే ఉంటారు, వాళ్లకి పుస్తకం కాంప్లిమెంటరీ. కిందున్నవాళ్లలో సగం చుట్టాలు, వాళ్లకీ కాంప్లిమెంటరీ. ముచ్చట తీరాలంటే పెట్టుకోండి, మనిషన్నాక ముచ్చట్లుంటాయి. కానీ దాన్ని అమ్మకం ఖాతాలో రాయకండి. ఆ డబ్బుతో, ఆ శ్రమతో మీ ఊరి కాలేజీలోనో జిల్లా గ్రంథాలయంలోనో ముప్ఫైమందిని కూర్చోబెట్టి ఒక కథ చదివి వినిపిస్తే, పది పుస్తకాలైనా డబ్బులిచ్చి తీసుకుంటారు. వాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఒక నోటుబుక్కులో రాసుకోండి. నన్నడిగితే రచయితకి ఆస్తి అంటే ఆ నోటుబుక్కే. తర్వాతి పుస్తకం వచ్చినప్పుడు మొదటి మెసేజి పోయేది వాళ్లకే.

ఎన్ని కాపీలు వేయాలి? పాతరోజుల్లో వెయ్యికి తక్కువ వేస్తే ఆఫ్‌సెట్‌లో గిట్టేది కాదు. అందుకే అందరి మంచాల కింద ఆ కట్టలు. ఇప్పుడు డిజిటల్ ప్రింటింగ్‌లో వందైనా వేస్తారు, యాభైయైనా వేస్తారు. కాపీకి ఖర్చు ఎక్కువే. అయినా మొదటిసారి 200 చాలు. అవి అయిపోతే మళ్లీ వంద. ‘వెయ్యి వేస్తే కాపీకి ఇంత తక్కువ పడుతుంది సార్’ అని ప్రెస్సులో చెప్పేది లెక్క ప్రకారం నిజమే. మిగిలిన ఎనిమిదివందల కాపీల కట్టల మధ్య మీరు తర్వాతి నవల రాయాల్సిన సంగతి ఆ లెక్కలో ఉండదు. పుస్తకాల షాపుకి ఇస్తే వెల మీద నలభై శాతం దాకా, ఒక్కోచోట ఇంకా ఎక్కువ, కమీషన్ పోతుంది. మిగతాది అమ్ముడయ్యాకే చేతికొస్తుంది. ఇది వాళ్ల అత్యాశేం కాదు, షాపు అద్దె వాళ్లకీ ఉంటుంది. అందుచేత వెల వేసేటప్పుడే ఈ కమీషన్ కలుపుకోవాలి. మన రచయితలు సిగ్గుపడి కాగితం ఖర్చుకే వెల వేస్తారు, తర్వాత ప్రతి కాపీ మీదా జేబులోంచి వేసుకుంటారు.

పోస్టు సంగతి కూడా వినండి. 2024 డిసెంబరులో బుక్ పోస్టు ఎత్తేసినప్పుడు చిన్న ప్రచురణకర్తలందరూ గగ్గోలు పెట్టారు, ఎందుకంటే వంద రూపాయల పుస్తకానికి అరవై రూపాయల కొరియర్ ఎవరు కడతారు? 2025 మే 1 నుంచి తపాలాశాఖ ‘జ్ఞాన్ పోస్ట్’ అని తెచ్చింది. 300 గ్రాముల లోపు 20 రూపాయలు, అక్కణ్ణించి పెరుగుతూ 5 కిలోలకి 100, పన్ను అదనం. పుస్తకం మీద ప్రింటరు లేదా ప్రచురణకర్త పేరుండాలి, వ్యాపార ప్రకటనలు ఉండకూడదు. మనం ఇందాక అనుకున్న 160 పేజీల పుస్తకం 70 జీఎస్‌ఎం కాగితం మీద వేస్తే 200 గ్రాముల చుట్టుపక్కలే తూగుతుంది. ఫారాలు పెంచుకుంటూ పోతే పోస్టు ఖర్చులో పై మెట్టెక్కుతారు. ఆర్డర్లు వచ్చినప్పుడల్లా పోస్టాఫీసుకి పరుగెత్తకండి, వారానికొక రోజు పెట్టుకోండి. ‘మంగళవారం పంపుతాను’ అంటే ఎవరూ ఏమీ అనుకోరు.

సంక్రాంతి వెళ్లాక ఒక ఆదివారం కూర్చుని లెక్క చూడండి. ఎన్ని పోయాయి, ఎన్ని ఉన్నాయి, ఏ షాపు ఎంత ఇవ్వాలి. ఫిబ్రవరి నుంచి అమ్మకం పని వారానికి ఆ ఒక్క మంగళవారమే, మిగతా సమయమంతా రోజుకో పేజీది. అంతలోపు మిగిలిన రెండు వారాలు చదువుకోవడానికి ఉంచండి. ఏడాదంతా రాసేవాళ్లు వేరేవాళ్ల పుస్తకాలు చదవడం మర్చిపోతారు, అది వాళ్ల మూడో పుస్తకంలో కనబడిపోతుంది.

అన్నట్టు, పుస్తకం రాగానే పక్కన పెట్టాల్సిన కాపీలు కొన్నున్నాయి. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్త ముప్ఫై రోజుల్లోగా కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి ఒకటి, చెన్నై కన్నెమరా, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకి ఒక్కోటీ సొంత ఖర్చుతో పంపాలి. ఆ ప్రచురణకర్త మీరే కదా! కథల పుస్తకమైతే ఇంకొకటి శ్రీకాకుళం కథానిలయానికి. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో మొదలుపెట్టిన ఆ ఇంట్లో తెలుగు కథలన్నిటినీ ఒకచోట చేర్చే పని ఉంది. ఎప్పుడో మీ దగ్గరే ఒక్క కాపీ కూడా మిగలకపోతే వెతుక్కుంటూ వెళ్లాల్సింది అక్కడికే. దీన్ని మొదటి మంగళవారం కట్టలోనే వేసేయండి.